కొసరెరగని సంచి

సన్యాసిరావు గారికి పేరులోనే తప్ప నాలుక మీద ఎక్కడా సన్యాసం లేదు. ముప్పై ఆరేళ్లు గూడ్సు బండ్లకు గార్డుగా పనిచేసి, ఏ స్టేషన్లో ఏ బజ్జీ బాగుంటుందో పచ్చజెండా ఊపుతూనే చెప్పగలిగిన మనిషి. అలాంటాయనకు డెబ్భై నాలుగో ఏట మూడు నెలల షుగరు సగటు తొమ్మిదిన్నరకు ఎక్కి కూర్చుంది. ఆ వారమే కోడలు సువర్చల ఆయన చేతిలో ఒక గుడ్డ సంచి పెట్టింది.

"పొద్దున్నే బజారుకి వెళ్లేది మీరే కదా మావయ్యా. ఇకనుంచి ఇదే పట్టుకెళ్లండి."

సన్యాసిరావు గారు సంచిని తిప్పి చూశారు. గోధుమరంగు బట్ట, పైన లావుపాటి పట్టీ. ఇందులో ఏదో తిరకాసు ఉందని ఆయనకు అనుమానం వచ్చింది. అలమరలోంచి మైసూరుపాకం డబ్బా తీసి సంచిలో పడేశారు. పట్టీ ఆయన నాలుగు వేళ్లనూ కలిపి నొక్కింది. డబ్బా తీసేశాక వదిలింది. సొరకాయ వేస్తే పట్టీ మెత్తబడిపోయింది.

"ఇదేంటమ్మాయ్, నన్ను గిల్లుతోంది!"

"గిల్లట్లేదు, చెబుతోంది. మీ అరచేతి చెమటని ఆ పట్టీలో దారాలు చదువుతాయి. ఒంట్లో ఏది ఎక్కువైంది, ఏది తక్కువైందీ వాటికి తెలుస్తుంది. పడని సరుకు వేస్తే నొక్కుతుంది. ఏం కొనాలో రోజూ పొద్దున్నే అంచు మీద అక్షరాలు కూడా వస్తాయి."

"ఒక కోడలు చాలదని రెండో కోడల్ని తెచ్చావన్నమాట."

ఆ పూటనుంచీ ఆ ఇంట్లో సంచి పేరు రెండో కోడలు.

సువర్చల ఈ సంచి కోసం ఆరేళ్లు కష్టపడింది. దానికి కారణం ఆమె అత్తగారు రాజేశ్వరమ్మ. సువర్చల కాపురానికి వచ్చిన ఏడాదే ఆవిడ వంటింట్లో చేతిలో గరిటెతో కుప్పకూలిపోయింది. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో మూడో వంతు కూడా లేదని, ఇన్నాళ్లూ ఎలా నడిచి తిరిగిందోనని డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఆవిడ మళ్లీ లేవలేదు. ఇంటిల్లిపాదికీ ఏం కావాలో చూసి ముప్పై ఏళ్లు బజారు సంచి మోసింది ఆ చెయ్యి. ఆ చేతికేం కావాలో ఒక్కరూ చూడలేదు. సువర్చల చదివింది నూలులో పరికరాలు నేసే చదువు. ఆవిడ దినవారాలయ్యాక ప్రయోగశాలకు వెళ్లి మొదటగా గీసిన బొమ్మ ఈ సంచిదే.

మూడు నెలల్లో ఇంటి రూపు మారిపోయింది. పంచదార డబ్బాలోకి మెంతులు వచ్చాయి. నూనె గానుగది, బియ్యం దంపుడువి, పొద్దున టిఫిను రాగిదోశ. సన్యాసిరావు గారి షుగరు ఏడుకు దిగింది. కంచరపాలెం మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నానని ఆయన కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నారు. సువర్చల భర్త శశిధర్ మాత్రం కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నిట్టూర్చేవాడు.

"నిన్న మునగాకు పప్పు, మొన్న మునగాకు పొడి, ఇవాళ మునగాకు అట్టు. ఇంకో నెల ఆగితే నా చెవులకు మునక్కాయలు వేలాడతాయి. దీనికి వేరే ఆకు తెలీదా?"

"గోంగూర కూడా అడుగుతోందిగా" అంది సువర్చల నవ్వుతూ.

నవ్వింది కానీ ఆమె మనసులోనూ అదే ములుకు గుచ్చుకుంటోంది. మునగాకు, గోంగూర, నువ్వులు, రాగులు. రెండ్రోజులకోసారి అంచు మీద ఇవే అక్షరాలు. ఇవన్నీ రక్తం తక్కువైన మనిషికి పెట్టేవి.

*

ప్రయోగశాల గోడ మీద నలభై ఇళ్ల గీతలు కదులుతుంటాయి. నలభై ఇళ్లకు నలభై సంచులు. ఇరవయ్యో తారీకున పెద్ద కమిటీ వస్తోంది. వాళ్లు ఊఁ అంటే రేషను కార్డున్న ప్రతి ఇంటికీ ఒక సంచి వెళ్తుంది. ఆ రోజు కోసం డైరెక్టరు రాజారత్నం గారు కొత్త కోటు కూడా కుట్టించుకున్నారు.

"అన్నీ బాగున్నాయమ్మా, మీ ఇంటి గీతే కుప్పిగంతులు వేస్తోంది" అన్నారాయన కళ్లజోడు సవరించుకుంటూ. "షుగరు గీత బంగారంలా దిగింది. ఈ ఇనుము గీత చూడు. బాగానే ఉంటుంది, ఉన్నట్టుండి పాతాళానికి పడుతుంది, పావుగంటలో మళ్లీ పైకి లేస్తుంది. మీ మావగారికి లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో చూపించు."

ఒకసారి ఆ ఇంట్లో ఆ జబ్బు ఏం చేసిందో సువర్చలకు తెలుసు. మర్నాడే మావగారిని తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించింది. రక్తం పధ్నాలుగు. కుర్రాళ్లకుండేంత ఉందని పరీక్షలవాళ్లు చెప్పారు.

"చూశావా, నాలో ఇంకా ఇంజను పవరుంది" అన్నారు సన్యాసిరావు గారు చొక్కా చెయ్యి దింపుకుంటూ.

మనిషి బాగున్నాడంటే సంచిలోనే లోపం ఉండాలి. పట్టీ విప్పి కొత్త దారాలు నేసింది. అయినా గీత పడటం మానలేదు. కమిటీ రావడానికి పది రోజులే ఉంది. ఈ ఒక్క గీతకూ సమాధానం చెప్పలేకపోతే ఆరేళ్ల పని అటకెక్కుతుంది.

అటక అనుకోగానే ఆమె నిజంగానే అటక ఎక్కాల్సి వచ్చింది. కూరకు చింతపండు అయిపోయిందేమోనని పైనున్న స్టీలు డ్రమ్ము మూత తీసి చూసి తెల్లబోయింది. డ్రమ్ము నిండా చింతపండే. పక్కన రెండు గోనెసంచుల్లో కూడా అదే.

"మావయ్యా, ఇంత చింతపండు ఎందుకు?"

సన్యాసిరావు గారు పేపర్లోంచి తలెత్తలేదు. "ముందు ముందు దొరకదని అనుకుంటున్నారు."

"ఎవరు?"

"అంతా."

అబద్ధం ఆడితే అతికినట్టుండాలి. ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో పెద్దాయనకు ఆ విద్య అబ్బలేదు. సువర్చల ఇంకేం అడక్కుండా ఫోను తీసి సంచి లెక్కలు చూసింది. చింతపండు సంచిలో పడ్డ ప్రతిసారీ సరిగ్గా అంతకు నాలుగైదు నిమిషాల ముందే ఇనుము గీత పాతాళానికి పడింది. ఒక్కసారి కూడా తప్పలేదు.

*

మర్నాడు ఆయన బయల్దేరిన పది నిమిషాలకు ఆమె కూడా బయల్దేరింది. మావగారి వెంట దొంగచాటుగా నడవడం సిగ్గుగానే ఉంది. రైతు బజారులో గుమ్మడికాయల గుట్ట వెనక నిలబడి చూసింది.

సన్యాసిరావు గారు ఆకుకూరలు కొన్నారు, వంకాయలు ఏరారు, బీరకాయ చేదు చూశారు. చివరికి బజారు మూల నీలం టార్పాలిను కింద ఉన్న కొట్టు దగ్గర ఆగారు. అనకాపల్లి బెల్లం అచ్చులు, చింతపండు గంప, వాటి వెనక యాభై అయిదేళ్ల మనిషి, పైడమ్మ. రాజేశ్వరమ్మ ఉన్న రోజులనుంచీ ఆ ఇంటికి బెల్లం అక్కడిదే.

"ఏటి బాబూ, నీరసంగా అవుపడతన్నారు?"

"మొన్నీమధ్య మా కోడలు రక్తం తీయించింది."

"ఉన్న రక్తం ఉండనివ్వక తీయించడమేటి! సంచీ ఇలగియ్యండి."

ఆయన సంచి ఇచ్చేశారు. పైడమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, పట్టీని గుప్పిట పట్టి, దాని నోరు తెరిచి చింతపండు తూచడానికి సిద్ధమైంది. కానీ తూచలేదు. ముందు ఒక అచ్చు అంచు విరిచి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఆ పిసినారి సంచీ నా కాడుందినెండి. మీరు కొసరు తినీయండి."

సన్యాసిరావు గారు బోర్లించిన గంప మీద కూర్చుని బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు.

"రాజేశ్వరి సంగతి ఒకటి చెప్పు" అన్నారు.

"ఏటి సెప్పేది, అన్నీ సెప్పీసినాను కదా." పైడమ్మ ఒక చేత్తో బెల్లం మీది ఈగలు తోలింది. "అమ్మగోరికి నానిచ్చిన కొసరు ఏనాడూ నోట్లో ఏసుకున్నేదు బాబూ. కొంగున ముడేసుకునీవోరు. ఏటమ్మా తిన్రా అంటే, మా గార్డుగోరు లైన్నుంచి వొస్తారు, ఆరికిస్తానీసి అనీవోరు."

"అది నాకు తెలుసు. ముడి విప్పి ఇచ్చేది. నేను మిఠాయి కొట్టులో కొన్నదనుకునేవాణ్ణి."

అని ఆయన కళ్లు తెరవకుండానే నవ్వారు. గుమ్మడికాయల వెనక సువర్చలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బెల్లం కొనకూడదని సంచి నొక్కినా ఆయన ఈ కొట్టు మానలేకపోయారు. వచ్చినందుకు ఏదో ఒకటి కొనాలి కాబట్టి చింతపండు కొన్నారు. మూడు నెలలుగా, రోజు విడిచి రోజు.

అప్పుడు ఫోను చూసుకుంది. గీత పాతాళంలో ఉంది.

సంచి పైడమ్మ గుప్పిట్లో ఉంది.

సువర్చల తలెత్తి బజారంతా చూసింది. వంకాయల కొట్టు, టమాటాల కొట్టు, కొబ్బరికాయల కొట్టు. కొనేవాళ్లంతా సంచిని అమ్మేవాళ్ల చేతికే ఇస్తున్నారు. అమ్మేవాళ్లు పట్టుకుని, సంచి నోరు తెరిచి, సరుకు పోసి, పైన కరివేపాకో రెండు పచ్చిమిరపకాయలో కొసరు వేసి తిరిగి ఇస్తున్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నదే. ఆరేళ్లు కూర్చుని సంచి నేసినప్పుడు మాత్రం ఒక్కసారైనా గుర్తు రాలేదు. సంచి ఎప్పుడూ కొన్నవాడి చేతిలోనే ఉంటుందనుకుంది. నలభై ఇళ్ల గీతల్లో ఎన్ని చేతులు కలిసిపోయాయో దేవుడికే తెలియాలి.

ఆమె గుట్ట వెనకనుంచి బయటికి వచ్చింది. కోడల్ని చూసి సన్యాసిరావు గారు దొంగకు తేలు కుట్టినట్టు బుగ్గలో ముక్కతోనే బిగుసుకుపోయారు. సువర్చల పైడమ్మ ముందు కూర్చుని ఆమె చెయ్యి అందుకుంది. గోళ్లు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఒంట్లో ఎలా ఉంటోంది పైడమ్మా?"

"మాకేటమ్మా, గుండ్రాయిలాగున్నాం. ఎండకి కళ్లు తిరుగుతాయి, ఒక టీ తాగితే సర్దుకుంటాది. అచ్చు ఎత్తితే కూసింత ఆయాసం. వొయిసు కదేటి."

సన్యాసిరావు గారు బెల్లం ముక్క చేతిలోకి ఉమ్మేశారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"రాజేశ్వరి కూడా ఇదే చెప్పింది" అన్నారు. "ఎండ అంది. వయసు అంది. నేను నమ్మాను." ఆయన పైడమ్మ గోళ్ల వైపు చూశారు. "లే పైడమ్మా. ఆస్పత్రికి వెళ్దాం."

"అమ్మో, కొట్టు ఒగ్గీసి నాను రాను బాబూ. రెండ్రోజులు నేకపోతే ఈ మూల ఇంకోడు టార్పాలిను కట్టీస్తాడు."

"కొట్టు నేను చూస్తాను."

"మీరా? బెల్లం కొట్టా?" పైడమ్మ అంత నీరసంలోనూ నవ్వింది. "పిల్లికి పాలు కాపలా ఎట్టినట్టే."

"సంచి నా చేతిలోనే ఉంటుందిలే. అది ఊరుకోదు" అన్నారు సన్యాసిరావు గారు, గంప మీదినుంచి లేచి పైడమ్మ పీట మీద కూర్చుంటూ.

*

పెద్దాసుపత్రిలో పైడమ్మ రక్తం చూసిన డాక్టరమ్మ ఆ చీటీ రెండుసార్లు చదివింది. అయిదుంది. ఇంకో నెల ఆగి ఉంటే గుండె మీదికి వచ్చేదని చెప్పి ఆ పూటే మంచం ఇచ్చింది.

సువర్చల అక్కణ్నుంచి ఆటోలో ప్రయోగశాలకు బయల్దేరింది. దారిలో ఒక ఆలోచన వచ్చింది. రాకుండా ఎందుకుంటుంది, ఆమె కూడా మనిషే. గీత ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది. మావగారి సంచి వేరేవాళ్లు పట్టుకున్నారు, అంతే, ఆ ఒక్క ఇంటిని పక్కన పెట్టామని రాసేస్తే చాలు. మిగతా ముప్పై తొమ్మిది గీతలూ కమిటీకి నచ్చుతాయి. సంచులు ఊరూరా వెళ్తాయి. ఆరేళ్లు పండుతాయి. ఆటో గేటు దగ్గర ఆగేదాకా ఆమె ఆ వాక్యాన్ని మనసులో తిరగరాస్తూనే ఉంది.

విచిత్రం చూడండి, జరిగిందంతా విని రాజారత్నం గారు సరిగ్గా ఆ వాక్యమే అన్నారు.

"మీ ఇల్లొక్కటి తీసేయమ్మా. ముప్పై తొమ్మిది చాలు."

ఆయన నోట విన్నాక అది ఎంత తప్పుగా ఉందో సువర్చలకు తెలిసింది.

"అందరూ వెళ్లేది బజారుకే సార్. అందరూ సంచి ఇచ్చేస్తారు. మిగతా ఇళ్లవాళ్లకు అమ్మేవాళ్లు కాస్త బాగున్నారు కాబట్టి గీత అంతగా పడలేదు. నాలుగు చేతుల చెమట కలిపి మనం ఒక మనిషి జాతకం రాశాం."

"ఇరవయ్యో తారీకున కమిటీకి ఏం చెప్పమంటావు?"

"మా ఇంట్లో మూడు నెలలు పైడమ్మ జబ్బుకు మేం పథ్యం చేశాం సార్. మునగాకు కాబట్టి ఫర్వాలేదు. రేపు ఉప్పు తగ్గించాల్సిన ఇంట్లో పెంచమంటే? లక్ష ఇళ్లలో అంటే?"

"ఈ పనికి పెద్ద నువ్వే. వాయిదా వేస్తే నీ కుర్చీ ఉండదు. అది నా చేతిలో లేదు."

"తెలుసు సార్" అంది. తెలిసినంత మాత్రాన బాధ తగ్గదు.

ఇరవయ్యో తారీకున కమిటీ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒకాయన నవ్వాడు. ఒకావిడ, పెద్దావిడ, తన చేతిసంచి వైపు చూసుకుని ఏదో రాసుకుంది. సంచిని ఏడాది వాయిదా వేసి వెనక్కి పంపారు. ఆ పనికి పెద్దగా వేరొకరిని వేశారు. సువర్చలను అదే గదిలో ఒక మూల బల్లకు మార్చారు. ఇంటికొచ్చి శశిధర్‌కు రెండు ముక్కల్లో చెప్పి, అందరికీ వడ్డించి, నాకు ఆకలి లేదని గిన్నెలు సర్దేసింది.

*

పైడమ్మ బజారుకు రావడానికి ఆరు వారాలు పట్టింది. అన్నాళ్లూ బెల్లం కొట్టులో సన్యాసిరావు గారే కూర్చున్నారు. రెండో కోడలు ఒళ్లో ఉండి ఆయన వేళ్లు నొక్కుతూనే ఉంది. షుగరు మనిషి బెల్లం అమ్ముతున్నాడని బజారంతా చెప్పుకుని నవ్వింది. నవ్వినవాళ్లంతా కొనుక్కునీ వెళ్లారు. గార్డు గారి తూకం నిక్కచ్చి, కొసరు మాత్రం ధారాళం. శశిధర్ అటక మీది చింతపండు మోసుకొచ్చి అదే కొట్టులో పోశాడు. పట్టిన ప్రతి చేతినీ వేరుగా చదివేలా ఒక సంచిని సువర్చల ఆ మూల బల్ల దగ్గరే నేసింది. దానికి రెండు పట్టీలు పెట్టింది. ఒకటి కొనేవాళ్లకు, ఒకటి అమ్మేవాళ్లకు.

పైడమ్మ తిరిగొచ్చిన ఆదివారం ఆ సంచితో మావగారి వెంట ఆమె కూడా వెళ్లింది. ఈసారి దొంగచాటు లేదు.

"సంచీ ఇలగియ్యండి బాబూ." పైడమ్మ గోళ్లకు కాస్త రంగొచ్చింది. రెండో పట్టీ పట్టుకుని సంచి నోరు తెరిచింది. సన్యాసిరావు గారు తమ చేతిలోని స్టీలు డబ్బా అందులో పెట్టారు. పైడమ్మ ఉలిక్కిపడింది.

"ఇదేటి బాబూ, నా సేతిలో పట్టీ దూదిలాగ మెత్తబడిపోనాది!"

"రాగిపిండి, నువ్వులు, నీ బెల్లం. ఉండలు చుట్టింది మా అబ్బాయి, అందుకే వంకరగా ఉంటాయి. రోజుకు రెండు తిను."

"నాను అమ్మీదాన్ని. నాకు మీరిచ్చీదేటి?"

"ఇన్నేళ్లు నువ్వేశావుగా. ఇది మా వైపు కొసరు."

పైడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, అలవాటు ప్రకారం ఒక అచ్చు అంచు విరిచి ఆయన అరచేతిలో పెట్టింది. సన్యాసిరావు గారు బెల్లం ముక్కను ఒకసారి చూసుకున్నారు. జేబురుమాలు తీసి ఒక మూల ఆ ముక్క పెట్టి ముడి వేశారు. వేళ్లకు ఆ ముడి అలవాటు లేదు, రెండుసార్లు జారిపోయింది.

"అమ్మాయ్, ఇవాళ సంచి నువ్వు పట్టుకో" అన్నారు.

"నేనెందుకు మావయ్యా?"

"పట్టుకోమన్నానా."

సువర్చల ఆ సంచిని నేసింది, కుట్టింది, వందసార్లు విప్పింది. ఆకుకూరలకు దాన్ని తన చేత్తో మోసింది మాత్రం ఎన్నడూ లేదు. పట్టీ పట్టుకుంది. కాసేపటికి అంచు మీద అక్షరాలు వచ్చాయి. మునగాకు. గోంగూర. నువ్వులు. రాగులు.

ఆమె చటుక్కున అంచు మడవబోయింది. సన్యాసిరావు గారు అప్పటికే చదివేశారు.

"నెల రోజులుగా చూస్తున్నాను. అందరికీ వడ్డించి నువ్వు గిన్నెలు సర్దేస్తున్నావు. ఒకసారి చూడక మనిషిని పోగొట్టుకున్నాను. మళ్లీ పోగొట్టుకోను."

ముడి వేసిన రుమాలు సంచిలో వేశారు. "ఇంటికెళ్లి విప్పుకుని తిను. నా ఎదురుగానే తినాలి."

పట్టీ సువర్చల వేళ్ల మధ్య మెత్తబడింది. ఆమె తల వంచుకుని మునగాకు కొట్టు వైపు నడిచింది, వెనకాలే మావగారు.